జగిత్యాల ఫైలుకి ఏ భాష కావాలి?

లా కాలేజీలో చేరిన పిల్లల్ని ఏమవుదామని వచ్చావని అడిగితే జడ్జి, కార్పొరేట్ లాయరు, సివిల్స్ అనే జవాబుల మధ్య ఒకరిద్దరు "హ్యూమన్ రైట్స్" అంటారు. వాళ్లే చాలాసార్లు ఆ వెంటనే "ఫ్రెంచ్ కూడా మొదలుపెట్టాను" అని చేరుస్తారు. కోరిక మంచిదే. దాని వెనకున్న లెక్కే సరిగా వేయడం లేదు. ముందు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఉన్న జెనీవా అనే ఊరు మనసులో పడుతుంది, ఆ ఊరిని బట్టి భాష ఖాయమైపోతుంది, ఎవరి కేసు పట్టుకోవాలన్న ప్రశ్న అయిదో ఏడాదిలో గానీ రాదు. ఈ వరస తిరగబడాలన్నది నా వాదన. మీ బల్ల మీదికి ఎవరి కాగితాలు వస్తాయో ముందు తేల్చుకోండి, ఆ కాగితం ఏ భాషలో ఉంటే ఆ భాష నేర్చుకోండి. తెలుగు రాష్ట్రాల్లో ఉండి హక్కుల పని చేయదలచినవాళ్లలో చాలామందికి ఆ భాష అరబ్బీ, ఎందుకంటే జగిత్యాల లాంటి చోట్ల నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్ల కాగితాలు ఆ భాషలోనే ఉంటాయి. ఫ్రెంచ్ రెండోది. స్పానిష్ మీద ఇష్టముంటే నేర్చుకోండి, కానీ దాన్ని ఈ పని ఖాతాలో రాయకండి.

గంటల లెక్కతో మొదలుపెడదాం. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యాధికారులకు భాషలు నేర్పిస్తుంది. వాళ్ల అంచనా ప్రకారం ఇంగ్లిష్ వచ్చిన మనిషికి ఫ్రెంచ్ గానీ స్పానిష్ గానీ ఉద్యోగానికి పనికొచ్చేంత రావడానికి 600 నుంచి 750 తరగతి గంటలు పడుతుంది. అరబ్బీకి 2200. అయిదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ అంటే 260 వారాలు. పరీక్షలు, ఇంటర్న్‌షిప్‌లు, పండగలు తీసేస్తే 200 మిగులుతాయనుకోండి. వారానికి నాలుగు గంటలు పెడితే 800. ఫ్రెంచ్‌కి సరిపోయింది, అరబ్బీ మూడో వంతు దాటాక ఆగిపోయింది. ఇక్కడే చాలామంది అరబ్బీని పక్కన పెట్టేస్తారు. అయితే ఆ 2200 గంటలు మాట్లాడటం, చదవడం రెండూ కలిపిన లెక్క, అదీ ఏ విషయం మీదైనా. లాయరుకి కావలసింది చదవడం, అందులోనూ పది పదిహేను రకాల కాగితాలు. లక్ష్యాన్ని అంత ఇరుగ్గా పెట్టుకుంటే 800 గంటలు తక్కువేం కాదు.

ఫ్రెంచ్‌ని తక్కువ చేయడం లేదు. ఐక్యరాజ్యసమితికి ఆరు అధికార భాషలున్నా సచివాలయంలో పని జరిగేది ఇంగ్లిష్, ఫ్రెంచ్‌లలోనే. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికీ, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు రోజువారీ పనికీ ఆ రెండే. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పులు కొన్ని ఫ్రెంచ్‌లో మాత్రమే దొరుకుతాయి. ఆ సంస్థల్లో ఉద్యోగం కావాలంటే ఫ్రెంచ్ తప్పదు, అదీ బీ2 స్థాయి, అంటే యూరప్ భాషా కొలమానంలో ఆరు మెట్లలో నాలుగోది. ఆ స్థాయిని తేల్చే డెల్ఫ్ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం ఒక్కొక్కటి 25 మార్కులు, మొత్తం 50 వస్తే పాస్, ఏ ఒక్కదాంట్లోనూ 5 కంటే తగ్గకూడదు. రెండో మెట్టు ఏ2 సర్టిఫికెట్ రెజ్యుమేలో ఒక గీత నింపుతుందే తప్ప దాంతో ఒక తీర్పు పేరా కూడా చదవలేరు.

ఇక్కడి మనిషి కేసుని జెనీవాకి తీసుకెళ్లడానికి ఫ్రెంచ్ ఎంత ఉపయోగమో చూద్దాం. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికను భారతదేశం 1979 ఏప్రిల్ 10న ఆమోదించింది. కానీ వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసుకునే వీలిచ్చే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరలేదు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టి ఇప్పటికీ ఆమోదించలేదు. క్రిమినల్ కోర్టును నెలకొల్పిన రోమ్ శాసనంలో సభ్యత్వం లేదు. కాబట్టి ఖమ్మంలోనో కర్నూలులోనో జరిగిన లాకప్ మరణం మీద ఆ ఒడంబడిక కమిటీకి పిటిషన్ వేసే దారే లేదు. తెరిచి ఉన్నవి ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధులకూ వర్కింగ్ గ్రూపులకూ పంపే ఫిర్యాదులు. వాటికి ఇంగ్లిష్ చాలు.

ఇక ఇంటర్న్‌షిప్. జెనీవా మానవ హక్కుల కార్యాలయంలో కనీసం మూడు నెలలు ఉండాలి, జీతం లేదు. మన బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో అయిదేళ్ల కోర్సుకి మొత్తం 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, కానీ ఏ సంవత్సరంలోనైనా ఏకబిగిన నాలుగు వారాలు మించకూడదు. మూడో ఏడాదిలో దరఖాస్తు పెట్టి నిరాశపడేవాళ్లు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవరు. ఐక్యరాజ్యసమితి ఇంటర్న్‌గా తీసుకునేది డిగ్రీ చివరి ఏడాది వాళ్లనీ, పీజీ చదువుతున్నవాళ్లనీ, పట్టా వచ్చి ఏడాది దాటనివాళ్లనీ. అంటే పట్టా చేతికొచ్చిన ఆ మొదటి పన్నెండు నెలలే మనవాళ్లకు అసలైన అవకాశం. జెనీవా అద్దెలు ఎవరు కడతారన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. ఈ రంగంలోకి ఎవరు వస్తున్నారు, ఎవరు రాలేకపోతున్నారు అన్నదానికి సగం జవాబు అక్కడే ఉంది.

ఫ్రెంచ్‌కి మన దగ్గర పెద్దగా ఎవరూ పట్టించుకోని ఉపయోగం ఒకటుంది. 2017 మార్చిలో ఫ్రాన్స్ ఒక చట్టం చేసింది. ఫ్రాన్స్‌లో 5,000 మంది లేదా ప్రపంచమంతటా కలిపి 10,000 మంది ఉద్యోగులున్న కంపెనీలు తమ సరఫరాదారుల దగ్గర హక్కుల ఉల్లంఘన, పర్యావరణ నష్టం జరగకుండా ఏం చేస్తున్నాయో ప్రణాళిక రాసి ప్రచురించాలి. చేయకపోతే ముందు నోటీసు, మూడు నెలల గడువు, ఆ తర్వాత పారిస్ కోర్టు. పటాన్‌చెరు, బొల్లారం మందుల ఫ్యాక్టరీల పక్క ఊళ్ల చెరువుల మీద పనిచేసేవాళ్లకు, కొనుగోలుదారు ఫ్రెంచ్ కంపెనీ అయిన చోట ఆ ప్రణాళిక చదవగలగడం ఒక ఆయుధం. ఫ్రెంచ్ నేర్చుకుంటే ఇలాంటి పని కోసం నేర్చుకోండి.

ఇప్పుడు అసలు విషయం. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాద్, నిర్మల్ నుంచి గల్ఫ్‌కి మగవాళ్లు పోతారు. కడప, రాయచోటి వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కి ఇంటిపనికి ఆడవాళ్లు పోతారు. ఈ మనుషుల జీవితాన్ని నిర్ణయించే ప్రతి కాగితమూ అరబ్బీలో పుడుతుంది. సౌదీ కార్మిక చట్టం 9వ అధికరణం ప్రకారం ఒప్పందం ఇంకో భాషలో కూడా ఉన్నా చెల్లేది అరబ్బీ పాఠమే. మనవాడి చేతిలో ఉన్న ఇంగ్లిష్ కాపీలో 1500 రియాల్స్ ఉండి, అరబ్బీలో 1200 ఉంటే 1200కే బలం. యూఏఈ కార్మిక శాఖ ఒప్పంద పత్రాలను అరబ్బీ, ఇంగ్లిష్‌తో కలిపి 11 భాషల్లో ఇస్తుంది. వాటిలో హిందీ, ఉర్దూ, బంగ్లా, మలయాళం, తమిళం ఉన్నాయి. తెలుగు లేదు. దీని మీద ఒక వినతిపత్రం రాయడానికి లా పట్టా కూడా అక్కర్లేదు.

అరబ్బీ చదవడం వచ్చిన లాయరుకీ రానివాడికీ తేడా ఎక్కడ తెలుస్తుందంటే మరణం కేసుల్లో. గల్ఫ్ వెళ్లే ఈసీఆర్ పాస్‌పోర్టు (పోయేముందు ప్రభుత్వ వలస అనుమతి కావలసినది) కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. అది ప్రమాదవశాత్తు మరణానికీ శాశ్వత వైకల్యానికీ మాత్రమే. గుండె ఆగి చనిపోయాడని రాస్తే ఆ 10 లక్షలు రావు. ఎండలో పనిచేస్తూ కుప్పకూలినవాడికీ, పరంజా మీంచి పడినవాడికీ ఆసుపత్రి కాగితంలో మరణ కారణం అన్న గడిలో ఏం రాశారు, పోలీసు నివేదికలో ఏం రాశారు, రెండూ కలుస్తున్నాయా అన్నది చూడాలి. ఇంటికి వచ్చే ఇంగ్లిష్ అనువాదం తరచూ ఒక్క పేజీ సారాంశం. అసలు కాగితంలో ఉన్న పని స్థలం పేరు, సమయం, సాక్షి పేరు అందులో ఉండవు. వాటి కోసం పూర్తి అరబ్బీ ప్రతి అడిగి తెప్పించుకోవాలి. శవం వచ్చేసింది కదా అని కుటుంబం ఆగిపోతే ఆ ప్రతి తర్వాత దొరకడం కష్టం.

కాగితాల్లో తప్పులు ఎక్కడ దొర్లుతాయో ముందే తెలిస్తే సగం పని అయినట్టే. మొదటిది పేరు. అరబ్బీలో ప లేదు, చ లేదు, ట-త తేడా లేదు, పొట్టి అచ్చులు రాయరు. పోచయ్య బోషయ్య అవుతాడు, ఇంటిపేరు ఒకసారి ముందు ఒకసారి వెనక వస్తుంది. అందుకని పేరుతో మనిషిని పోల్చకూడదు, నంబరుతో పోల్చాలి. పాస్‌పోర్టు నంబరుతో పాటు సౌదీ అకామా (నివాస అనుమతి కార్డు) అయితే 2తో మొదలయ్యే 10 అంకెలు, యూఏఈ గుర్తింపు కార్డు అయితే 784తో మొదలయ్యే 15, కువైట్ సివిల్ ఐడీ 12, ఖతర్ 11. ఫైలు మొదటి పేజీలోనే ఇవి రాసిపెట్టుకోవాలి. రెండోది అంకెలు. అరబ్బీ కాగితాల్లో వాడే అంకెల్లో అయిదు మన సున్నలా గుండ్రంగా ఉంటుంది, సున్న ఒట్టి చుక్క. జీతం గడి ఫొటోకాపీలో ఆ చుక్క చెరిగిపోతే 1500 కాస్తా 150 అవుతుంది. పక్కన అక్షరాల్లో రాసిన మొత్తంతో సరిచూడకుండా అంకెను నమ్మకూడదు. మూడోది తేదీ. పాత సౌదీ కాగితాల్లో హిజ్రీ తేదీలుంటాయి. ఆ సంవత్సరం మనదానికంటే దాదాపు 11 రోజులు చిన్నది. సౌదీ చట్టంలో ఉద్యోగ సంబంధం ముగిసిన 12 నెలల తర్వాత జీతం బకాయిల దావా తీసుకోరు. ఆఖరి రోజుల్లో ఉన్న కేసులో ఆ 11 రోజులే ప్రాణం.

నాలుగోది, అన్నిటికంటే చెడ్డది, "హురూబ్". పనివాడు పారిపోయాడని కఫీల్, అంటే వీసా ఇచ్చిన అక్కడి యజమాని, పెట్టే ఫిర్యాదు. అది ఖరారయ్యాక మనిషి చట్టవిరుద్ధంగా ఉన్నట్టే, మనవాళ్ల మాటల్లో ఖల్లివెల్లి. జీతం అడిగినందుకే హురూబ్ పెట్టాడని నిరూపించాలంటే జీతం కోసం కార్మిక కార్యాలయంలో ఫిర్యాదు చేసిన తేదీ హురూబ్ తేదీ కంటే ముందుండాలి. రెండు కాగితాలూ అరబ్బీవే. తేదీలు పక్కపక్కన పెట్టి చూపించగలిగితే రాయబార కార్యాలయం కూడా అర్జీని వేరుగా చూస్తుంది.

"గల్ఫ్ కోర్టులో మన లాయరు నిలబడలేడు కదా" అన్నది మొదటి అభ్యంతరం. నిజమే. కానీ కేసులో పెద్ద భాగం ఇక్కడ నడుస్తుంది. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో అర్జీ, రాయబార కార్యాలయం సంక్షేమ నిధి నుంచి సాయం, వారసుల తరఫు పవర్ ఆఫ్ అటార్నీ, అక్కడి లాయరుకి పంపే వివరాల పత్రం, అన్నీ ఇక్కడ తయారవ్వాలి. పవర్ ఆఫ్ అటార్నీకి దేశాన్ని బట్టి దారి మారుతుంది. సౌదీ 2022 చివర్లో అపోస్టిల్ ఒప్పందంలోకి (ఎంబసీకి పోకుండా ఒక్క ముద్రతో కాగితం చెల్లే ఏర్పాటు) వచ్చింది, కువైట్‌కి మాత్రం ఢిల్లీలోని వాళ్ల ఎంబసీ ముద్ర దాకా పోవాలి. ఇది తెలియక నెల రోజులు పోగొట్టుకునే కుటుంబాలున్నాయి.

ఏజెంటు మీద కేసు అయితే పూర్తిగా ఇక్కడిదే. 1983 వలస చట్టం కింద రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి తీసుకుంటే, లేదా అసలు రిజిస్ట్రేషనే లేకపోతే నేరం. ఈ చట్టం కింద ప్రాసిక్యూషన్‌కి కేంద్రం ముందస్తు అనుమతి కావాలని 27వ సెక్షన్ చూపించి స్టేషన్లో వెనక్కి పంపుతుంటారు. అదే సెక్షన్ కింద ఉన్న మినహాయింపు చదవాలి. మోసపోయిన వలస కార్మికుడు తానే గానీ, అతని తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. దానితో పాటు భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం. ఇక్కడ చూపించిన ఒప్పందానికీ అక్కడ సంతకం పెట్టించిన అరబ్బీ ఒప్పందానికీ తేడాయే రుజువు. ఆ తేడాను కోర్టు ముందు పెట్టాలంటే ఎవరో ఒకరు చదవాలి కదా.

కువైట్ ఇంటిపని కేసులు ఇంకో రకం చిక్కు. ఈసీఆర్ దేశాలకు ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు కనీస వయసు 30 అని మన నిబంధన. రక్షణ కోసం పెట్టిన నియమమే. ఫలితం మాత్రం ముప్ఫై నిండనివాళ్లను ఏజెంట్లు విజిట్ వీసా మీద దొడ్డిదారిన పంపడం. అప్పుడు ప్రభుత్వ వలస పోర్టల్ ఈమైగ్రేట్‌లో నమోదు ఉండదు, బీమా ఉండదు, ఒప్పందం కాపీ ఉండదు. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకు రోజుకి 12 గంటలకు మించని పని, వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, ఉద్యోగం ముగిసినప్పుడు ఏడాదికి నెల జీతం చొప్పున పరిహారం రాసిపెట్టింది. రాయచోటిలో కూర్చున్న ఏ తల్లికీ ఈ సంగతి తెలియదు. హక్కుల లాయరు చేయగల అతి చవకైన పని ఈ నాలుగు నియమాలను ఒక పేజీ తెలుగులో రాసి పంచడం.

అంతర్జాతీయ వేదిక మోజు తీరని వాళ్లకు కూడా అరబ్బీ దారి చూపిస్తుంది. కువైట్, బహ్రెయిన్, ఖతర్ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో ఉన్నాయి, సౌదీ, యూఏఈ లేవు. అయినా అక్రమ నిర్బంధాలపై ఐక్యరాజ్యసమితి వర్కింగ్ గ్రూపుకి ఏ దేశం మీదైనా ఫిర్యాదు చేయొచ్చు. ఆ దేశం ఒడంబడికలో ఉండక్కర్లేదు, అక్కడి కోర్టులన్నీ తిరిగి రావాలన్న షరతూ లేదు. ప్రశ్నావళి నింపాలి, ఖైదీ లేదా కుటుంబం సమ్మతి ఉండాలి, ప్రభుత్వానికి జవాబు చెప్పడానికి 60 రోజులిస్తారు. ఇలాంటి ఫిర్యాదులు ఎక్కడ బలహీనపడతాయంటే, అరెస్టు చేసింది ఎవరు, ఏ కాగితం చూపించారు, ఏ సెక్షన్ అన్న గడుల దగ్గర. కుటుంబం "పట్టుకుపోయారు" అని మాత్రమే చెప్పగలదు. అరబ్బీ తీర్పు కాపీ ఉండి చదివేవాళ్లుంటే ఆ గడులు నిండుతాయి.

రెండో అభ్యంతరం, ఫోన్‌లోనే అనువాదం వస్తోంది కదా అని. అచ్చు వేసిన చట్టానికి బాగానే వస్తోంది. చేతిరాత పోలీసు నివేదిక దగ్గర, ముద్ర కింద నలిగిన వాక్యం దగ్గర, కాదు-లేదు అన్న చిన్న అక్షరం జారిపోయిన చోట అది తప్పుతుంది, పైగా తప్పిన సంగతి కనపడనివ్వకుండా నునుపుగా రాస్తుంది. జైల్లో ఉన్న మనిషి కాగితాలను ఉచిత యాప్‌లో పెట్టడం కూడా ఆలోచించాల్సిన విషయమే. యంత్రాన్ని వాడండి, కానీ పేర్లు, అంకెలు, తేదీలు, నిరాకరణలు మీ కళ్లతో మూలంలో చూసుకోగలిగినప్పుడే.

నేర్చుకోవడం ఎలా? మొదటి ఆరు వారాలు లిపి, అంకెలు. పుస్తక భాష ఫుస్‌హా నేర్చుకోండి, గల్ఫ్ వీధి భాష జోలికి ఇప్పుడే పోవద్దు, కాగితాలు వీధి భాషలో ఉండవు. ఉర్దూ చదవడం వచ్చిన హైదరాబాదీ పిల్లలకు లిపి పని తప్పినట్టే. ఆ తర్వాత ఏడాది వ్యాకరణం. అందులో క్రియల పది రూపాలు, కర్మణి వాక్యాలు, నిరాకరణలు గట్టిగా పట్టాలి, ఎందుకంటే ఒప్పందాలన్నీ వాటి మీదే నడుస్తాయి. రెండో ఏడాది నుంచి సౌదీ కార్మిక చట్టాన్ని అరబ్బీ మూలం ఒక పక్క, ప్రభుత్వ ఇంగ్లిష్ అనువాదం ఒక పక్క పెట్టుకుని చదవండి. 245 అధికరణాలు. రోజుకి మూడు చొప్పున మూడు నెలల్లోపు ఒక చుట్టు పూర్తవుతుంది, మూడు చుట్లు తిరిగితే ఒప్పందాల్లో వచ్చే మాటలు చాలావరకు నోటికొస్తాయి. హైదరాబాద్‌లో ఇఫ్లూ, మనూ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో అరబ్బీ శాఖలున్నాయి. లా చదువుతూ ఇంకో కోర్సులో చేరకూడదన్న బార్ కౌన్సిల్ నిషేధం చూసి భయపడకండి. భాష మీద పార్ట్‌టైమ్ స్వల్పకాలిక సర్టిఫికెట్ కోర్సులకు ఆ నిబంధనలోనే మినహాయింపు ఉంది. రెగ్యులర్ డిప్లొమాకో ఎంఏకో అది వర్తించదు, అక్కడ జాగ్రత్త.

అరబ్బీ అన్నాను గానీ, ఈ లెక్క ప్రకారమే పాడేరు, భద్రాచలం ఏజెన్సీలో పనిచేయబోయేవాళ్లకు జవాబు మారిపోతుంది. వాళ్లకి కావలసింది అక్కడి ఆదివాసీ భాషలు కోయ, కువి. నిందితుడికి అర్థం కాని భాషలో సాక్ష్యం ఇస్తే అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలని నాగరిక్ సురక్షా సంహిత 314వ సెక్షన్, దుబాసీ ఉచితంగా ఇవ్వాలని పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 14వ అధికరణం చెబుతున్నాయి. నిర్బంధ కారణాలు ఇంగ్లిష్‌లో ఇచ్చి నోటితో అనువదించి చెప్పడం చాలదని సుప్రీంకోర్టు 1962లోనే హరికిషన్ కేసులో తేల్చింది. అయినా సాక్ష్యం తెలుగులో నడిచిపోతుంటే లేచి ఆపే లాయరు ఉండాలి. ఆపాలంటే తన క్లయింటుకి అర్థం కావడం లేదని ముందు తనకి తెలియాలి. బాలగోపాల్, కన్నబిరాన్ లాంటి వాళ్లు హక్కుల పని చేసిన ఈ నేల మీద కూడా ఈ ఖాళీ అలాగే ఉంది.

ఏ భాష ఎంచుకున్నా తెలుగులో వాంగ్మూలం రాయడం, దాన్ని ఇంగ్లిష్‌లో రెండు పేజీల వివరాల పత్రంగా మార్చడం రాకపోతే మిగతాదంతా వృథా. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి తెలుగులోనే ఫిర్యాదు పంపొచ్చు, ఫీజు లేదు. ఘటన జరిగిన ఏడాదిలోపు అందాలి. ఒకే ఫిర్యాదుని రాష్ట్ర కమిషన్‌కీ జాతీయ కమిషన్‌కీ ఒకే రోజు పోస్టు చేసే అలవాటు మానాలి. రాష్ట్ర కమిషన్ దగ్గర పెండింగ్‌లో ఉంటే జాతీయ కమిషన్ విచారించకూడదని మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ చెబుతోంది, అక్కడితో ఫైలు మూసేస్తారు. ఇంటర్న్‌షిప్‌కి మీకున్న నాలుగు వారాల విడతల్లో ఒకటి గల్ఫ్ కేసులు చూసే లాయరు దగ్గర గానీ, వలస కార్మికుల సంఘం దగ్గర గానీ పెట్టండి. మొదటి రోజే అక్కడి పాత ఫైళ్లలో ఒక ఒప్పందం, ఒక ఆసుపత్రి నివేదిక, ఒక కోర్టు తీర్పు చూడనివ్వమని అడగండి. పేర్లు, నంబర్లు వదిలేసి వాటి నమూనాలు రాసుకుని రండి. మీ రెండో ఏడాది పాఠ్యపుస్తకం అదే.